గోధుమలో మూడేసి జన్యువులు

కాడుగోడి, బెంగళూరు

హారికా,

వరిలో ఒక్క జన్యువు చెడితే మొక్క పొట్టిదవుతుంది కదా, గోధుమలో అలా ఎందుకు కాదని అడిగావు. మన పశ్చిమ గోదావరి నుంచే మొదలుపెడతాను. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్8 పండించి, ఆ విత్తనాన్ని చుట్టుపక్కల రైతులకు అందించారు. ఎరువు ఎక్కువేసినా పడిపోని పొట్టి వరి అది. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను తయారు కావాలంటే జిఎ20 ఆక్సిడేజ్ అనే ఎంజైము కావాలి. ఐఆర్8లో ఆ ఎంజైము జన్యువులో కొంత ముక్క ఊడిపోయిందని 2002లో తేలింది. మరి కంకి ఎందుకు దెబ్బతినలేదు? పూతలో అదే పని చేసే జన్యువు ఇంకొకటి ఉంది. రైతు అదృష్టమంతా అక్కడుంది.

రొట్టె గోధుమ మూడు గడ్డిజాతుల కలయిక. ఎ, బి, డి అని మూడు జన్యుసమూహాలు. చాలా ఎంజైములకు మూడేసి జన్యువులు. ఒకటి చెడినా మిగతా రెండూ పని నడిపిస్తాయి, లోపం పైకి కనిపించదు. పొట్టి గోధుమలకు మూలమైన జపాన్ రకం నోరిన్ 10లో చెడింది ఎంజైము కాదు. అక్కడ జిబ్బరెల్లిన్ ఉన్నా దానికి లొంగని ప్రోటీను తయారవుతుంది. అలాంటి మార్పు ఒక్కచోట ఉన్నా చాలు, ఎత్తు తగ్గుతుంది.

పిండిపదార్థంలోని అమైలోజు సంగతి చూడు. దాన్ని తయారుచేసే ఎంజైము జన్యువు ఒక్కటి చెడితే జిగురు బియ్యం. రైతులు దాన్ని ఏనాడో గుర్తించి దాచుకున్నారు. జిగురు గోధుమ మాత్రం వేల ఏళ్ల సాగులో రైతు కంటపడలేదు. ఎ, బి రెండుచోట్లా చెడిన జపాన్ రకం కాంటో 107ని, డిలో చెడిన చైనా రకం బై హువోతో సంకరపరిచాకే, 1990లలో అది పుట్టింది. పనికిరాదని పక్కన పెట్టిన రకాలను విత్తన భాండాగారాల్లో కాపాడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కలిపిన చపాతీ పిండి నల్లబడేదీ ఎంజైము వల్లే, పాలీఫినాల్ ఆక్సిడేజ్. దాని ముఖ్య జన్యువులు 2ఎ, 2డి క్రోమోజోముల మీదున్నాయి. ధార్వాడ వైపు పండే జవె గోధుమకు, అంటే కప్లికి, డి సమూహమే లేదు. కాబట్టి 2డి జన్యువూ లేదు. ఆ పిండి కొంత పంపుతున్నాను. దాన్నీ మామూలు గోధుమపిండినీ ఒకే పాళ్లలో నీళ్లతో కలిపి, ఒక రోజు మూతపెట్టి ఉంచు. పొట్టు ఎక్కువున్న పిండి త్వరగా నల్లబడుతుంది, అందుకని రెండూ ఒకే జల్లెడలో పట్టు. ఏ గంటకు ఏ రంగుందో రాసి నాకు పంపు.

మీ పెదనాన్న