మందులవలన నోరెండుట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామములలో రక్తపోటునకో, మధుమేహమునకో, నరముల నొప్పులకో ప్రతిదినము మాత్రలు వాడు పెద్దలు అనేకులు కలరు. వారిలో కొందరు “మాత్ర మొదలుపెట్టిననాటినుండి నోరు పిడచగట్టుకొని పోవుచున్నది” అని చెప్పుచుందురు. మరికొందరు ఎవరికిని చెప్పక మాత్రనే మానివేయుదురు. రక్తపోటు మాత్రను తమంతట తాము మానినచో పక్షవాతము, గుండెపోటు వచ్చు ప్రమాదము కలదు. కావున చిన్నదిగా కనుపించు ఈ బాధను గ్రామ పెద్దలు తేలికగా చూడరాదు.

నోరేల యెండును?

ఆరోగ్యవంతుని నోటిలో దినమునకు సుమారు అర లీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు లాలాజలము ఊరును. అది అన్నమును మెత్తపరచి మ్రింగుటకు తోడ్పడును. పండ్లు పుచ్చిపోకుండ కాపాడును. లాలాజల గ్రంథులు నరముల ద్వారా వచ్చు ఆజ్ఞల ననుసరించి పనిచేయును. కొన్ని మందులు ఆ ఆజ్ఞలను అడ్డగించును, లేక తగ్గించును. జలుబు, దురదలకు వాడు క్లోర్‌ఫెనిరమిన్, సెట్రిజిన్. నరముల నొప్పికిచ్చు ఎమిట్రిప్టిలిన్. రక్తపోటునకిచ్చు క్లోనిడిన్ ఇట్టివి. మూత్రము ఎక్కువగా పోవుటకిచ్చు ఫ్యూరోసెమైడ్ వలన శరీరములోని నీరు తగ్గి నోరెండవచ్చును. ఇట్టి మందులు రెండు మూడు కలిసినచో బాధ హెచ్చును. రక్తములో చక్కెర పెరిగినను నోరెండును గనుక ఆ పరీక్షయు చేయించవలెను.

చేయదగిన పనులు

మాత్రలన్నిటిని, దుకాణములో స్వయముగా కొన్నవానితో సహా, వైద్యునికి చూపవలెను. మోతాదు తగ్గించుటయో, మందు మార్చుటయో ఆయన నిర్ణయించును. నీటిని గుక్కెడు గుక్కెడుగా త్రాగుచుండవలెను. భోజనానంతరము నోరు పుక్కిలించి, దినమునకు రెండుమారులు ఫ్లోరైడు గల పేస్టుతో పండ్లు తోముకొనవలెను. నోరు తడియగుటకై బెల్లపుముక్క, పిప్పరమెంటు చప్పరించినచో పండ్లు త్వరగా పుచ్చిపోవును. కట్టుడు పండ్లను రాత్రివేళ తీసి శుభ్రపరచవలెను. నాలుకపై తెల్లనిపూత, నోటిమంట కనుపించినచో వైద్యుని చూడవలెను.

చుట్ట, ఖైనీ, సారాయి నోటిని మరింత ఎండించును. మన ప్రాంతపు స్త్రీలలో నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట త్రాగు అడ్డపొగ అలవాటు పూర్వమునుండి కలదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశోధన, ఈ అలవాటువలన అంగిలిలో కలుగు వికారములను వివరించినది. మానని పుండుగాని, అంగిలిలో తెల్లని మచ్చగాని యున్నచో అది మందులవలన కలిగినదని ఊరకుండరాదు.

ఉద్దానమునకు ప్రత్యేక హెచ్చరిక

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి విస్తారముగా నున్నది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. డయాలిసిస్ చేయించుకొను రోగులకు దినమునకింత నీరని వైద్యుడు పరిమితి విధించును. నోరెండుచున్నదని వారు పరిమితి మీరి త్రాగినచో నీరు ఊపిరితిత్తులలో చేరి ఆయాసము కలుగును, ప్రాణాపాయమును సంభవింపవచ్చును. ఉద్దానము కొబ్బరితోటల సీమ. అయినను కొబ్బరినీటిలో పొటాసియము అధికము గనుక, వైద్యుని అనుమతి లేక ఈ రోగులు దానిని త్రాగరాదు; గుండె లయ తప్పవచ్చును. ఎండుచేపలు, ఊరగాయలలోని ఉప్పు దాహమును పెంచును. నోరు పుక్కిలించి ఉమ్మివేయుట, చిన్న మంచుముక్కను లెక్కలో చేర్చుకొని చప్పరించుట వీరికి మేలు.

పంచాయతీ కర్తవ్యము

సభ్యులు తమ వార్డులలో దీర్ఘకాలము మందులు వాడువారిని ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. తోడ్పాటుతో కలిసికొని, “మాత్రలు సరిగా వేసుకొనుచున్నారా? నోరెండుచున్నదా?” అని ఈ రెండు ప్రశ్నలు అడుగవలెను. మాత్ర మానినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. గ్రామసభలో ఈ సంగతిని ఒకమారు చదివి వినిపింపవలెను. ఒంటరిగా జీవించు వృద్ధులను మొదట చూడుడు. వారి బాధ చెప్పుకొనుటకు ఇంట వేరొకరుండరు.