మన పిల్లలకు తగిన కళాశాల



నూలు కొనునప్పుడు మనము కట్టపై చీటీని నమ్మము. నంబరడిగి, పోగు లాగి చూతుము. బిడ్డను కళాశాలలో చేర్చునప్పుడు మాత్రము మేడలు చూచి, మగ్గము తాకట్టు పెట్టియైనను రుసుము కట్టుచున్నాము. ఇది తగదు.

ముందు బిడ్డకు ఏ పనిపై మక్కువయో అడుగవలెను. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములతో పి.యు.సి. ముగించినవారికి మన బెంగళూరులోనే, కె.ఆర్. సర్కిలు చెంత, 1938లో స్థాపింపబడిన శ్రీ కృష్ణరాజేంద్ర సిల్వర్ జూబిలీ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ కలదు. అది ప్రభుత్వ కళాశాల. వస్త్ర, పట్టు సాంకేతిక శాఖలలో 4 ఏండ్ల ఇంజనీరింగు చదువు కలదు. సి.ఇ.టి. ర్యాంకును బట్టి చేర్చుకొందురు. పదవ తరగతితోనే నేత, అద్దకము నేర్వగోరువారికి ఆంధ్రదేశమందలి వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేరిట చేనేత సాంకేతిక సంస్థ కలదు. అచట 3 ఏండ్ల డిప్లొమా.

రుసుము కట్టకముందే బిడ్డతో వెళ్లి మూడు సంగతులు విచారింపుడు: మగ్గాల షెడ్డులో విద్యార్థులు తమ చేతులతో పని చేయుచున్నారా? వసతి, భోజనము, పుస్తకములు కలిపి ఏటికెంత? చదివి వెళ్లినవారు ఏ పనిలో కుదిరిరి? ఆడపిల్లయైనను ఇదే విచారణ చేయవలెను.

దరఖాస్తు నింపుట తెలియనివారు సంఘ కార్యాలయమునకు రండు, కలిసి నింపుదము.