స్టాక్‌హోము చూచి పెనుకొండకు వచ్చితిని



హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవువారు పెనుకొండ స్టేషను దాటునప్పుడు కిటికీలోనుండి ఒక పెద్ద కొండను చూతురు. నేనును ఇరువది సంవత్సరములుగా దానిని చూచుచున్నాను. బాల్యమున ఒక్కసారి తోడి పిల్లలతో అచ్చటికి పోయితిని. అటుపిమ్మట ఎన్నడును ఆ స్టేషనులో దిగలేదు. ఆ కొండ క్రిందనున్న యూరు ఒకప్పటి రాజధాని యను సంగతి పుస్తకములో చదివితిని గాని మనసున నిలుపుకొనలేదు. అది నాకు నిజముగా తెలిసివచ్చినది స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోము నగరమున! ఇది మీకు విచిత్రముగా తోచవచ్చును. కావున జరిగినదంతయు వ్రాయుచున్నాను.

నా తమ్ముడు ఆ నగరమున ఇంజనీరుగా పనిచేయుచున్నాడు. గడచిన వేసవి సెలవులలో అతడు పిలువగా పోయి పది దినములు అచ్చట నుంటిని.

1. నగరము

మీ పటములలో ఐరోపాఖండమునకు ఉత్తరముగా చూడుడు. మాలరెన్ అను మంచినీటి సరస్సు బాల్టికు సముద్రముతో కలియుచోట, పదునాలుగు దీవులపై స్టాక్‌హోము కట్టబడినది. దీవికిని దీవికిని వంతెనలు కలవు, పడవలును తిరుగుచుండును. పెన్నలో ఇసుకను చూచి పెరిగిన నాకు, ఏ వీధి చివర నిలిచినను నీరు కనబడుట గొప్ప వింతగా నుండెను. కుళాయి నీరే అందఱును త్రాగుదురు.

హిందూపురము సుమారు 14 అక్షాంశమున నున్నది. స్టాక్‌హోము 59 దాటిన అక్షాంశమున నున్నది. కావుననే జూను మాసపు నడుమ అచ్చట పగలు పదునెనిమిది గంటలకు మించును. డిసెంబరులో ఆఱు గంటలే యుండును. యాత్రికులు జూనునుండి ఆగస్టు వఱకు ఎక్కువగా పోవుట ఇందువలననే. నేను రాత్రి తొమ్మిది గంటలకు దీపము లేకయే ఉత్తరము వ్రాసితిని. నిద్రించుటకు తెరలు దించుకొనవలసి వచ్చెను.

ఈ నగరము పేరు వ్రాతలలో మొదట కనబడునది 1252లో. పాతపట్టణమును వారు ‘గామ్లా స్తాన్’ అందురు. అచ్చటి సందులలో ఒకటి యొక చోట 90 సెంటీమీటర్ల వెడల్పే యున్నది. ఆ పాతపట్టణముననే ఆఱునూఱులకు మించిన గదులుగల రాజభవనము కలదు. నోబెలు బహుమానములలో శాంతి బహుమానము తప్ప తక్కినవి ఈ నగరముననే యిత్తురు. బాల్యమున విశాఖపట్టణములో చదివిన సర్ సి. వి. రామను గారు 1930లో ఇచ్చటనే ఆ గౌరవమును పొందిరి.

2. మునిగిన ఓడ

అయితే నన్ను కదలించినది రాజభవనము గాదు. ఒక పాత ఓడ. దాని పేరు వాసా. రెండవ గుస్తావ్ అడాల్ఫ్ రాజు దానిని తన నౌకాబలమునకు తలమానికముగా కట్టించెను. దానిపై అఱువదినాలుగు ఫిరంగులు నిలిపిరి. పై భాగము మిక్కిలి బరువు. అడుగుభాగము ఆ బరువును ఓర్చునట్టిది గాదు. 1628 ఆగస్టు 10వ తేదీన మొదటి ప్రయాణమునకు బయలుదేరి, సుమారు 1300 మీటర్లు పోవునంతలో గాలి విసరగా ప్రక్కకు ఒఱగెను. ఫిరంగుల కిటికీలలోనుండి నీరు చొచ్చెను. ఒడ్డున జనులు చూచుచుండగనే ఓడ మునిగిపోయెను.

బాల్టికు నీటిలో ఉప్పు తక్కువ. కొయ్యను తొలుచు సముద్రపు పురుగు అందు బ్రతుకదు. కావున ఓడ చెడక నిలిచెను. 1956లో ఆండర్స్ ఫ్రాన్‌జెన్ అను నతడు దానిని కనిపెట్టెను. 1961 ఏప్రిలు 24న, అనగా 333 ఏండ్లకు, పైకి తీసిరి. తడికొయ్య ఆరునప్పుడు పగులకుండుటకై పదునేడు సంవత్సరములు మైనమువంటి ద్రవమును దానిపై చల్లుచు వచ్చిరి. 1990 నుండి ప్రత్యేకమైన మందిరములో అది నిలిచియున్నది. ఎవరును చేయి తాకింపరాదు.

ఇది ఆ దేశపు విజయచిహ్నము గాదు, దాని పొరపాటు. అయినను దాచక, లోకమునకు చూపి, ఎందుకు మునిగెనో పిల్లలకు బోధించుచున్నారు. అచ్చట మాకు వివరించిన వృద్ధురాలు నా ఊరు అడిగి, “మీ సమీపమున చూడదగిన పాత రాజధాని యేదైన కలదా?” అనెను. “కలదు, పెనుకొండ” అంటిని. “అచ్చట ఏమున్నవి?” అని ఆమె మఱల అడిగెను. రెండు మాటలు చెప్పి మూడవది తోచక తడబడితిని. పిల్లలకు పాఠములు చెప్పు నేను, ఇరుగుపొరుగు సంగతి చెప్పలేక సిగ్గుపడితిని.

అప్పుడే మఱియొకటి జ్ఞప్తికి వచ్చెను. పండ్రెండవ యేట పెనుకొండకు పోయిన దినమున, గగనమహలు గోడపై మేకుతో నా పేరు గీసితిని. చేయి తాకింపని ఆ ఓడయెదుట నిలిచి ఈ సంగతి తలచుకొనుట నాకు కష్టమయ్యెను.

3. పెనుకొండ

తిరిగివచ్చిన పిదప ఒక శనివారము ఒక్కడనే పోయి, సాయంకాలము వఱకు అంతయు నడచి చూచితిని.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధమున అళియ రామరాయలు మడిసెను. విజయనగరము పాడయ్యెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ధనముతో, పరివారముతో పెనుకొండ చేరి, దీనిని రాజధానిగా చేసికొనెను. పిమ్మట శ్రీరంగరాయలు ఏలెను. తరువాతివాడగు వేంకటపతిరాయల కాలమున రాజధాని చంద్రగిరికి మారెను. కావున పెనుకొండయు ఒక ఓటమినుండి లేచిన రాజధానియే. అంతయు పోయినదనుకొన్న దినములలో, మిగిలినవారిని ఈ కొండ కాపాడెను.

గగనమహలు రెండంతస్తుల భవనము. దాని కమానులు సుల్తానుల కట్టడముల రీతివి; పైనున్నది గుడి శిఖరమును పోలిన గోపురము. యుద్ధమున ఎదిరించినవారి శిల్పమును మనవారు నేర్చుకొని తమదిగా చేసికొనిరి. సమీపముననే రాముని గుడియు శివుని గుడియు ప్రక్కప్రక్కన నున్నవి; రామాలయపు గోడలపై రామాయణకథ చెక్కబడినది. పార్శ్వనాథుని జైనాలయము, షేర్‌ఖాను మసీదు, అన్ని మతములవారును దర్శించు బాబయ్య దర్గా, కొండపైన లక్ష్మీనరసింహుని గుడి కలవు. ఇన్నిటిని ఒక్క దినమున కాలినడకను చూడవచ్చును.

నా పేరుకొఱకు గోడలన్నియు వెదకితిని. కనబడలేదు, పేరులపై పేరులు గీయబడియున్నవి. వానిక్రింద ఎక్కడనో నాదియు నుండవచ్చును. ఓడకు సముద్రపు పురుగు చేయని కీడు ఈ గోడలకు మేము చేసితిమి.

4. యాత్రికుడు చేయవలసినవి

స్టాక్‌హోమున స్కాన్సెన్ అను స్థలము కలదు. యంత్రములు వచ్చి పాత బ్రతుకును మఱపించునను భయముతో హాజేలియస్ అను పండితుడు 1891లో దానిని స్థాపించెను. దేశపు నలుమూలలనుండి పాత యిండ్లను విప్పి తెచ్చి అచ్చట నిలిపిరి. పూర్వపు చేతిపనులను వానిలో చేసి చూపుదురు. ధర్మవరమున మగ్గము ఇంటిలోనే యున్నది; పట్టుచీర నేయువాని చేయి ఇంకను ఆడుచున్నది. మనము తెచ్చి నిలుపనక్కఱలేదు. పోయి చూచిన చాలును.

కావున, స్టాక్‌హోమునకు పోయినను పెనుకొండకు పోయినను, నాలుగు పనులు చేయుడు. పోవుటకు ముందు ఆ స్థలమునుగూర్చి ఒక పుటయైన చదువుడు. వాహనము దిగి నడువుడు. అచ్చటి పెద్దలను మర్యాదతో అడుగుడు. చూచినది ఆ రాత్రియే వ్రాసి, ఇంటిలో తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు.

దూరదేశపు ప్రయాణము అందఱికిని దొరకదు. పెనుకొండ టిక్కెట్టు వెల కొద్దిపాటి రూపాయలే. రాబోవు దసరా సెలవులలో మా తరగతి అచ్చటికి పోవును. ప్రతి విద్యార్థియు ఒక పుస్తకమును, ఒక పెన్సిలును తేవలెను. మేకులు ఇంటనే యుంచవలెను.