సొంత మంచుపై ఆట

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దల మాట. ఇంట గెలుచుట యేల కొంత సులభము? అమెరికా కళాశాలలలో ఆడెడి ఐస్ హాకీ ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మొసగుచున్నది.

మన మైదానములలోని హాకీ వేరు, ఇది వేరు. ఇందు నేలకు బదులు మంచుగడ్డ, బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల యుండును. గోలు కాపరితో కలిసి జట్టుకు ఆరుగురు ఒకేసారి బరిలో నుందురు. అతివేగముగా మంచుపై జారుచు ఆడుటవలన ఒక నిమిషము లోపలనే అలసిపోవుదురు. కావున ఆటగాండ్రను మాటిమాటికి మార్చుచుందురు.

స్వస్థలమున ఆడు జట్టుకు మొదటి మేలు ఈ మార్పులోనే కలదు. ఆట ఆగినపుడు అతిథి జట్టు ముందుగా తన ఆటగాండ్రను మార్చుకొనవలెను. ఆతిథేయ జట్టు పిదప మార్చుకొనును. ఇది నియమము. అతిథులు తమ మేటి ఆటగాండ్రను దింపినచో, ఆతిథేయుల శిక్షకుడు వారిని చూచి తన గట్టి రక్షకులను ఎదురు నిలుపును. వారు బలహీనులను దింపినచో, తన మేటివారిని పంపి గోలునకు యత్నించును. చదరంగమున ఎదుటివాని ఎత్తు చూచి మన పావును కదుపుట వంటిదే ఇది.

రెండవది బరి కొలత. అమెరికాలో సాధారణముగా బరి 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు కలిగి యుండును. మినెసోటా విశ్వవిద్యాలయపు బరి 1993 నుండి 2023 వరకు 100 అడుగుల వెడల్పు గలది. అంత విశాలమున ఆడి యెరుగనివారు అచట తికమకపడుట సహజము.

మూడవది ప్రదేశము. కొలరాడోలోని వైమానిక దళ అకాడమీ సుమారు 7,000 అడుగుల ఎత్తున నున్నది. పల్లపు ప్రాంతములనుండి వచ్చినవారికి అచటి పలుచని గాలిలో త్వరగా ఆయాసము కలుగును. అలాస్కాకు పోవు జట్లకు దూరప్రయాణపు బడలిక తప్పదు.

నాల్గవది ప్రేక్షకులు. 1957లో ప్రారంభమైన కార్నెల్ విశ్వవిద్యాలయపు లైనా రింకులో నాలుగువేలకు పైగా జనము పట్టుదురు. అతిథుల పేర్లు చదువునపుడు విద్యార్థులు వార్తాపత్రికలు విప్పి, చదువుచున్నట్లు నటింతురు! ప్రేక్షకుల ప్రభావము వట్టి ఊహ కాదు. 2020లో కోవిడ్ కారణముగా ఐరోపా ఫుట్‌బాల్ పోటీలు ఖాళీ మైదానములలో జరిగినపుడు, స్వస్థల జట్ల ఆధిక్యము తగ్గినదనియు, అతిథి జట్లకు హెచ్చరిక కార్డులు తగ్గినవనియు పరిశోధకులు కనుగొనిరి. జనఘోష న్యాయనిర్ణేతలను సైతము కదలించునన్నమాట.

అయినను ఈ మేలు ఊరక లభించునది కాదు. కార్నెల్ జట్టు ఆడు ఇ.సి.ఎ.సి. పోటీలలో, క్రమపోటీలందు పైస్థానము పొందిన జట్టుకే క్వార్టర్ ఫైనల్ పోటీలను తన బరిలో ఆడుకొను హక్కు లభించును. శీతకాలమంతయు శ్రమించినవారికే సొంత మంచు దక్కును.

జాతీయ పోటీల చివరి ఘట్టము సాధారణముగా తటస్థ స్థలమున జరుగును. 1970లో అది లేక్ ప్లాసిడ్ పట్టణమున జరిగినది. నెడ్ హార్క్‌నెస్ శిక్షణలో కార్నెల్ జట్టు ఆ యేడు ఆడిన 29 ఆటలలో ఒక్కటియు ఓడక, సమముగాను ముగింపక, విజేతగా నిలిచినది. సొంత బరి, సొంత జనము లేనిచోట సాధనయే వారికి అండ. విద్యార్థులారా! ఇంటి బలము పరుల యింట తోడు రాదు. ఇంట నేర్చిన విద్య మాత్రము ఎచటికైనను వెంట వచ్చును.