ప్రయాణ బీమా

విడపనకల్లు మెట్టభూములలో వేరుశనగ విత్తే రైతుకు బీమా కొత్తది కాదు. వానను నమ్ముకొని పెట్టుబడి పెట్టడమెంత కష్టమో అతడెరుగును. కుటుంబంతో కాశీయాత్ర సంకల్పించి, రైలు టికెట్లకు, బసకు ముందే సొమ్ము చెల్లించినప్పుడూ అదే సందేహం కలుగుతుంది: బీమా చేయాలా, వద్దా?

ఆన్‌లైన్ రైలు టికెట్లకు 2016 సెప్టెంబరులో ఐచ్ఛిక బీమా ప్రవేశపెట్టారు. ఆనాటి ప్రీమియం 92 పైసలు. రైలు ప్రమాదంలో మరణించిన ప్రయాణికుని కుటుంబానికి 10 లక్షల రూపాయలు లభించే ఏర్పాటది. కాని ఇంట్లో ఎవరికైనా జబ్బుచేసి యాత్ర మానుకుంటే, బసకు కట్టిన సొమ్మును ఆ బీమా తిరిగి ఇప్పించదు. అందుకు యాత్ర రద్దుకు వర్తించే పాలసీ వేరుగా తీసుకోవాలి. అందులోనూ పాత జబ్బులకు తరచుగా మినహాయింపులుంటాయి.

కనుక రద్దు చేస్తే ఎంత పోతుందో, ప్రీమియం ఎంతో, మినహాయింపులేవో తెలుసుకొన్న పిదపనే నిర్ణయించుకోవాలి. పోయినా భరించగల సొమ్ముకు బీమా అక్కరలేదు.