ఏలీయాను దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు
(కౌన్సెలింగ్‌కి వెళ్ళమని డాక్టరు చెప్పిన సహోదరుల కొరకు)

కువైట్, దుబాయి, దోహా, మస్కట్‌లో డ్యూటీ దిగి ఇది చదువుతున్నవారికి, ఇక్కడ అమెరికాలో ఉన్నవారికి కూడా ఈ పాఠం.

ఈ వారం వాక్యభాగము: 1 రాజులు 19వ అధ్యాయము, 1 నుండి 18 వచనములు. దయచేసి ముందు బైబిలు తీసి చదువుకోండి. తరువాత ఇది చదవండి.

ఒక సహోదరుడు రాత్రి రెండు గంటలకు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. మా డబ్లిన్‌లోనే ఉంటాడు. డబ్లిన్ అంటే చాలామంది ఐర్లాండ్ అనుకుంటారు. ఇది కాలిఫోర్నియాలో అలమేడా కౌంటీలో ఉన్న ఊరు, బార్ట్ రైలు ఆఖరి స్టేషను. ఆ తమ్ముడు అడిగింది ఇది: "అన్నయ్యా, డాక్టరు కౌన్సెలింగ్‌కి వెళ్ళమన్నాడు. వెళ్తే నాకు విశ్వాసం లేనట్టేనా? అసలు లోపల ఏం చేస్తారు?" పేరు లేకుండా రాసుకోమని అతనే చెప్పాడు కాబట్టి రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు ఏలీయా దగ్గర జవాబుంది. కర్మెలు కొండమీద అంత గొప్ప కార్యము చూసిన ప్రవక్త, ఒక్క యెజెబెలు బెదిరింపుకు ప్రాణభయంతో పారిపోయాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ణి వదిలేసి ఒంటరిగా అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం నడిచాడు. ఇది గమనించండి, మనసు కుంగినవాడు ముందు చేసేపని పక్కనున్న మనిషిని వదిలించుకోవడమే. ఫోను ఎత్తడం మానేస్తాడు. తరువాత బదరీవృక్షము కింద కూర్చుని, చాలు, ఇక నన్ను తీసుకుపొమ్మని ప్రార్థన చేశాడు.

దేవుడు అప్పుడు ఏమన్నాడు? నీ విశ్వాసం ఏమైందని అడిగాడా? లేదండి. పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపి వేడి రాళ్ళమీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నా ఏమీ అనలేదు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. నలభై రోజులు నడిచి హోరేబు చేరాక గాని ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్న కూడా నిందించేది కాదు, ఇక్కడ ఏం చేస్తున్నావని మాత్రమే. ఏలీయా తన బాధంతా చెప్పాడు. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, అదే జవాబు అక్షరం పొల్లు పోకుండా మళ్ళీ చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. ఆ తరువాతే చేయాల్సిన పని, తోడుగా ఎలీషాను ఇచ్చాడు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

2009లో నేను గల్ఫ్‌లో ఒక లేబర్ క్యాంపులో ఉన్నాను. గదికి ఎనిమిదిమందిమి. నా పై మంచంలో మా గోదావరి వైపు కుర్రాడే. ఏజెంటు కోసం చేసిన అప్పు మూడు లక్షలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఇరవై రోజులు సరిగా తినలేదు. రాత్రుళ్ళు మంచం కదులుతూనే ఉండేది. ఆ గదిలో ప్రార్థన నడిపించేది నేనే. నేనేమన్నానో తెలుసా? "తమ్ముడూ, నీకు విశ్వాసం తగ్గింది, మూడు రోజులు ఉపవాసం ఉండు" అన్నాను. తినలేక ఉన్నవాడికి ఉపవాసం చెప్పాను! ఒక శుక్రవారం మేమంతా ఆరాధనకు వెళ్ళి వచ్చేసరికి అతను లేడు. ఎలాగన్నది రాయను. పెట్టె ఊరికి చేరడానికి నెల పట్టింది. వాళ్ళమ్మ గారితో ఫోనులో మాట్లాడింది కూడా నేనే.

మూడేళ్ళ కిందట ఇక్కడ నాకే రాత్రుళ్ళు గుండె దడ మొదలైంది. గుండె పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. థైరాయిడ్, రక్తం చూశారు, అవీ బాగున్నాయి. డాక్టరు కౌన్సెలర్ దగ్గరికి పంపింది. సంఘంలో ఎవరికీ చెప్పకుండా దొంగలా వెళ్ళాను. కాబట్టి రెండో ప్రశ్నకు, లోపల ఏం చేస్తారన్నదానికి, విన్నది కాదు, చూసింది చెప్తాను.

ముందు ఎవరు ఏమిటో తెలుసుకోండి. థెరపిస్ట్, కౌన్సెలర్, సైకాలజిస్ట్ మాటలతో వైద్యం చేస్తారు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ లాంటి వైద్యం చదివిన డాక్టరు, మందు రాస్తారు. మామూలు ఫ్యామిలీ డాక్టరు కూడా రాయవచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే కార్డు వెనక బిహేవియరల్ హెల్త్ అని ఒక నంబరు ఉంటుంది, దానికి ఫోను చేసి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళ పేర్లు, కోపే ఎంతో అడగండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ కింద కొన్ని సెషన్లు ఉచితం, మనవాళ్ళు అడగక పోగొట్టుకుంటారు. ఇన్సూరెన్స్ లేనివారికి మా వైపు ప్లెజంటన్, లివర్‌మోర్‌లలో యాక్సిస్ కమ్యూనిటీ హెల్త్ క్లినిక్కులు ఉన్నాయి, ఆదాయాన్నిబట్టి ఫీజు. కౌంటీ బిహేవియరల్ హెల్త్ వారికి యాక్సెస్ లైన్ ఉంది. ఒక్కోసారి అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతుంది. నిరుత్సాహపడకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర పేరు రాయించుకోండి.

మొదటి రోజు కాగితాలే ఎక్కువ. తరువాత పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇష్టమైన పని మీద మనసు పోతోందా, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే కొంచెం పట్టించుకోవాల్సిందే అని లెక్క. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే తలంపుల గురించి. నేను అక్కడ పెన్ను ఆపేశాను, సహోదరులారా. నిజం రాస్తే పోలీసులు వస్తారేమో అని భయం. మామూలుగా రారు. అలాంటి తలంపు ఉందని చెప్తే ఇంకా కొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఎప్పటినుంచి, ఏదైనా ఏర్పాటు చేసుకున్నావా, ఇంట్లో ఎవరున్నారు అని. వెంటనే ప్రాణానికే ముప్పు ఉందని తోస్తేనే 72 గంటల వరకు ఆస్పత్రిలో ఉంచే చట్టం ఇక్కడ ఉంది, దాన్ని 5150 అంటారు. అది శిక్ష కాదు, కేసు కాదు.

తరువాత యాభై నిమిషాలు మాట్లాడటమే. మంచం మీద పడుకోబెట్టడం సినిమాల్లోనే, నేనైతే కుర్చీలో కూర్చున్నాను. ఆమె తక్కువ మాట్లాడింది. సలహా ఇస్తుందని ఎదురుచూశాను, ఇవ్వలేదు. కోపం వచ్చింది కూడా. మన పాస్టర్లం అయితే రెండు నిమిషాల్లో పరిష్కారం చెప్పేస్తాం కదా! నేను క్యాంపు సంగతి చెప్పాను. రెండో వారం మళ్ళీ అదే చెప్పాను. ఆమె మొదటిసారి విన్నట్టే విన్నది. ఇంటికొచ్చి 1 రాజులు 19 తీశాను.

భాష గురించి భయపడకండి. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆస్పత్రులు, క్లినిక్కులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, 1964 పౌరహక్కుల చట్టం కింద వచ్చిన హక్కు ఇది. సాధారణంగా ఫోనులో ఇస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేప్పుడే తెలుగు అని చెప్పండి. దుబాసీ కూడా విన్నది బయట చెప్పకూడదు. గొంతు తెలిసినవాళ్ళదైతే మొహమాటపడకుండా వేరేవాళ్ళు కావాలనండి. పిల్లల్ని మాత్రం దుబాసీలుగా కూర్చోబెట్టకండి. అయ్య గుండెలో ఉన్నది పదేళ్ళ పిల్ల నోటితో చెప్పించడం తగదు. పెద్ద పెద్ద మాటలు కూడా వెతుక్కోనక్కర్లేదు. గుండెలో రాయి పెట్టినట్టుంది, తల మొద్దుబారిపోతోంది, ఇంటికి ఫోను చేయబుద్ధి కావట్లేదు, ఇలా మన మాటల్లోనే చెప్పండి.

చెప్పింది బయటికి పోతుందా? పోదు, కొన్ని సందర్భాల్లో తప్ప. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉంటే, పిల్లల్ని లేక వృద్ధుల్ని హింసిస్తున్నారని తెలిస్తే, కోర్టు ఆర్డరు వస్తే. ఈ రెండో ప్రాణం సంగతికి ఒక కథ ఉంది. 1969లో మాకు దగ్గరే ఉన్న బర్క్‌లీలో, మన దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక కుర్రాడు ఒక అమ్మాయిని చంపుతానని తన థెరపిస్ట్‌తో అన్నాడు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. అన్నంత పనీ చేశాడు. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, అలాంటి ముప్పు తెలిసినప్పుడు ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్ట్‌కి ఉందని తీర్పిచ్చింది.

వీసా పోతుందా అని అందరూ అడుగుతారు. థెరపిస్ట్ మీ కంపెనీకి గాని ఇమ్మిగ్రేషన్‌కి గాని చెప్పరు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో మానసిక జబ్బుల గురించి అడుగుతారు, అక్కడ అబద్ధం ఆడకండి. వాళ్ళు చూసేది జబ్బువల్ల తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. డిప్రెషన్‌కి వైద్యం చేయించుకున్నంత మాత్రాన తిరస్కరించరు. గల్ఫ్‌లో ఉన్న సహోదరులారా, ఇక్కడి చట్టం అక్కడికి అన్వయించుకోవద్దు. కంపెనీ క్లినిక్ అయితే నేను చెప్పింది ఎవరు చూస్తారని ముందు అడిగి మాట్లాడండి.

మందు రాస్తే, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు మింగి గుణం లేదని మానకండి. బాగుందని మీ అంతట మీరు ఆపేయడం ఇంకా ప్రమాదం. మొదటి కౌన్సెలర్‌తో కుదరకపోతే మారవచ్చు, వాళ్ళేమీ అనుకోరు. లూకా వైద్యుడని పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది కదా, ఆయన వైద్యం మానుకున్నాడని ఎక్కడా లేదు.

ఆ తమ్ముడు గురువారం వెళ్ళాడు. నేను కారులో తీసుకెళ్ళి బయట కూర్చున్నాను. గంట తరువాత వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం అడిగారని నేను అడగలేదు. "అన్నయ్యా, ఆకలేస్తోంది" అన్నాడు. దోసెలు తిన్నాం. వచ్చే గురువారం మళ్ళీ ఉంది.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి. అమెరికాలో 988, ఏ గంటకైనా ఫోను గాని మెసేజ్ గాని చేయవచ్చు. ఇండియాలో మీ ఇంటివారికి టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. దుబాయి వైపు ఉన్నవారికి భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 800 46342. పక్క మంచంలో ఎవరైనా తినడం మానేస్తే, ఈ పాఠం ఫార్వర్డ్ చేయకండి, వెళ్ళి పక్కన కూర్చుని అన్నం పెట్టండి, నంబరు మీరే డయల్ చేసి ఇవ్వండి.

వచ్చే వారం వాక్యభాగము: యోబు 2:11–13.

ప్రభువు సేవలో మీ సహోదరుడు, డబ్లిన్ నుండి.