మూట తేలికైతే నడక ప్రార్థన అవుతుంది
(చలిలో తొలిసారి పాదయాత్రకు వెళ్ళే కుటుంబాలకు ఒక పాఠం)



సంక్రాంతి దాటిందంటే చాలు, కృష్ణా, గుంటూరు, ఏలూరు, ఖమ్మం ప్రాంతాల విచారణలలో గుణదల మాట మొదలవుతుంది. 1924లో ఇటలీ దేశపు మిషనరీ గురుశ్రీ అర్లాటి గారు గుణదలలో మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. నాటి నుండి ఆ కొండకు భక్తుల రాక ఆగలేదు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే తిరునాళ్ళకు బస్సులలో, రైళ్ళలో వచ్చేవారు ఉన్నారు. మొక్కుకొని నడిచి వచ్చేవారూ ఉన్నారు.

ఈ ఏడు మొదటిసారి నడవాలని అనుకుంటున్న కుటుంబాల కోసమే ఈ పాఠం. భక్తి ఉంటే చాలు, మిగతాది మాతయే చూసుకుంటుంది అని కొందరు అంటారు. మాత చూసుకుంటుంది, నిజమే. అయితే మన వంతు పని మనం చేయాలని కూడా ఆ తల్లి కోరుకుంటుంది. కానా పెండ్లిలో కుండలను నీళ్ళతో నింపింది పనివారే కదా.

1. దివ్యగ్రంథం ఏమి నేర్పుతున్నది?

మార్కు సువార్త 6వ అధ్యాయంలో క్రీస్తునాథుడు పన్నెండుమందిని ఇద్దరిద్దరుగా పంపుతూ, చేతికర్ర తప్ప మరేమీ తీసుకొని పోవద్దని చెప్పారు. రొట్టె వద్దు, జోలె వద్దు, రెండు అంగీలు వద్దు. కాని చెప్పులు తొడుగుకొనుడని కూడా అదే చోట చెప్పారు. ఈ మాటను మనం తరచు గమనించం. ప్రభువు వద్దన్నది అక్కరలేని బరువును. కాలికి కావలసిన రక్షణను ఆయన వద్దనలేదు.

పునీత పౌలు గారు చెరసాల నుండి తిమోతికి వ్రాసిన రెండవ లేఖ చివరి అధ్యాయం చూడండి. త్రోయలో విడిచి వచ్చిన తన అంగీని తీసుకొని రమ్మంటారు. శీతకాలానికి ముందే రమ్మని కూడా కోరతారు. అంతటి అపోస్తలుడు చలికి వస్త్రం అడగడానికి సిగ్గుపడలేదు.

లూర్దు సంగతీ అంతే. 1858 ఫిబ్రవరి 11న, చలి రోజున, 14 ఏళ్ళ బెర్నదెత్త పుల్లలు ఏరుకోవడానికి బయలుదేరింది. ఆమెకు ఉబ్బసం. అందుకని తల్లి తలకు ముసుగు, కాళ్ళకు మేజోళ్ళు ఉండేటట్లు చూసి పంపింది. చెల్లెలు, స్నేహితురాలు చన్నీటి కాలువ దాటి ముందుకు పోయారు. బెర్నదెత్త మేజోళ్ళు విప్పుకుంటున్న సమయంలోనే గాలి హోరు విని గుహ వైపు చూసింది. ఆ పేద తల్లి జాగ్రత్త దేవుని కృపకు అడ్డు కాలేదు. మరియమాత దర్శనం పొందిన బిడ్డ, అమ్మ మాట విని మేజోళ్ళు వేసుకొని వచ్చిన బిడ్డే.

కాబట్టి మన పాఠానికి రెండు సూత్రాలు దొరికాయి. అక్కరలేనిది విడిచిపెట్టాలి. అక్కరైనది మరచిపోరాదు.

2. నెల రోజుల ముందు నుండి సాధన

సామాన్యంగా మనిషి గంటకు 4 నుండి 5 కిలోమీటర్లు నడుస్తాడు. పిల్లలు, పెద్దలు కలిసిన గుంపు 3 కిలోమీటర్లకు మించి నడవడం కష్టం. తొలిసారి వెళ్ళేవారు రోజుకు 20 కిలోమీటర్లు అనుకుంటే అది మంచి లెక్క. గుంటూరు నుండి విజయవాడకు సుమారు 35 కిలోమీటర్లు, అంటే రెండు రోజుల నడక. ఏలూరు నుండి సుమారు 60 కిలోమీటర్లు, అంటే మూడు రోజులు. ఒక్క రాత్రిలో చేరాలని పంతం పట్టిన వారు కొండ దగ్గరకు వచ్చేసరికి దివ్యపూజాబలిలో నిలబడలేక కునుకు తీస్తారు.

మొదటి వారం రోజూ 3 కిలోమీటర్లు నడవండి. రెండవ వారం 5. మూడవ వారం ఒక రోజు 10 కిలోమీటర్లు, అదీ యాత్రకు తీసుకువెళ్ళే సంచి వీపున వేసుకొని నడవండి. నాలుగవ వారంలో ఒకసారి 15 కిలోమీటర్లు నడిచి, బయలుదేరే ముందు రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. గుడికి, సంతకు, పొలానికి వెళ్ళే నడకను ఈ లెక్కలో కలుపుకోవచ్చు. జపమాల చెప్పుకుంటూ నడిస్తే సాధనా అవుతుంది, ప్రార్థనా అవుతుంది.

యాత్ర కోసం కొత్త చెప్పులు కొని, ఆ రోజే తొడిగి బయలుదేరవద్దు. కొత్తవి కొనదలిస్తే నెల ముందే కొని కాలికి అలవాటు చేయండి. మడమను పట్టి ఉంచే చెప్పులు గాని, మేజోళ్ళతో గుడ్డ బూట్లు గాని మేలు. వేళ్ళ మధ్య పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కొద్ది దూరానికే పనికివస్తాయి.

3. మూటలో ఏమి ఉండాలి?

వీపున మోసే బరువు మన ఒంటి బరువులో పదో వంతు మించరాదు. స్పెయిన్ దేశంలో పునీత యాకోబు సమాధి ఉన్న సంతియాగో నగరానికి నడిచి వెళ్ళే యాత్రికులూ ఈ లెక్కనే పాటిస్తారు. 50 కిలోల మనిషి 5 కిలోలకు మించి మోయకూడదు. ఆ 5 కిలోలలో నీళ్ళు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో.

ఒక మనిషి మూట ఇలా ఉండవచ్చు:

పలుచని దుప్పటి – 700 గ్రాములు
శాలువ – 500 గ్రాములు
ఒక జత బట్టలు – 500 గ్రాములు
లోదుస్తులు, రెండు జతల మేజోళ్ళు – 200 గ్రాములు
చిన్న తువ్వాలు – 150 గ్రాములు
కింద పరచుకోవడానికి ప్లాస్టిక్ పట్టా – 300 గ్రాములు
నీళ్ళు – 1 కిలో
అటుకులు, వేరుసెనగ పప్పు, బెల్లం – 500 గ్రాములు
మందులు, టార్చిలైటు, సబ్బు, శుభ్రమైన గుడ్డ పేలికలు – 350 గ్రాములు

అంతా కలిపితే 4 కిలోల 200 గ్రాములు. జపమాల చేతిలో ఉంటుంది. దానికి బరువు లేదు.

ఇక ఇంట్లో విడిచిపెట్టవలసినవి: పండుగ పట్టుచీర, నగలు, పెద్ద బొంత, ఇత్తడి చెంబు, పది మందికి సరిపడే పులిహోర. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు గుణదలలోనే దొరుకుతాయి. వంటపాత్రలు తప్పవనుకుంటే, గుంపు మొత్తానికి ఒకే గిన్నె పెట్టుకొని వంతులవారీగా మోయండి.

ఒక పరీక్ష చెబుతాము. మూట కట్టిన తరువాత విప్పి, ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకొని, "ఇది లేకపోతే నాకు జబ్బు చేస్తుందా?" అని అడగండి. చేయదు అంటే పక్కన పెట్టండి. "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న వస్తువులే భుజాలను కోస్తాయి.

4. చలి ఎలా పట్టుకుంటుంది?

ఫిబ్రవరిలో మన ప్రాంతంలో ఒకే రోజులో రెండు కాలాలు కనబడతాయి. తెల్లవారుజామున సుమారు 18 నుండి 20 డిగ్రీలు, మధ్యాహ్నం 30 దాటుతుంది. ఇది పెద్ద చలి కాదని అనిపించవచ్చు. కాని మంచు కురిసే ఆరుబయట, చెమట పట్టిన ఒంటితో, అలసిపోయి, నేలమీద పడుకున్న మనిషికి అదే చలి వణుకు పుట్టిస్తుంది. పసిపిల్లలు, వృద్ధులు మనకంటే త్వరగా చల్లబడతారు.

అందుకని ఒక్క మందపాటి కోటు కంటే రెండు మూడు పలుచని వస్త్రాలు ఒకదానిపై ఒకటి వేసుకోవడం మంచిది. వాటి మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. ఎండ ఎక్కగానే ఒక్కొక్కటి తీసివేయవచ్చు. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించడమే సరి. నాలుగు అడుగులు వేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది. నిండుగా కప్పుకొని నడిస్తే చెమటతో నూలు బట్ట తడుస్తుంది. ఆగిన వెంటనే ఆ తడి బట్ట ఒంటిని చల్లబరుస్తుంది. కాబట్టి మజిలీ చేరగానే మొదటి పని కూర్చోవడం కాదు, తడి చొక్కా మార్చి శాలువ కప్పుకోవడం. పొడి బట్టల జతను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రాత్రి కోసమే ఉంచండి.

పడుకునేటప్పుడు పైన కప్పుకునే దుప్పటి ఎంత ముఖ్యమో, కింద పరచుకునే పట్టా అంత ముఖ్యం. నేల ఒంటి వేడిని లాగేస్తుంది. పట్టా మీద ఎండుగడ్డి గాని, పాత వార్తాపత్రికలు గాని పరిస్తే ఇంకా మేలు.

గుణదలలో తలనీలాలు ఇచ్చే కుటుంబాలకు ఒక మాట. గుండు చేయించి, తలస్నానం చేయించిన పిల్లవాడిని చలిగాలిలో అలాగే తిప్పవద్దు. వెంటనే తల తుడిచి టోపీ పెట్టండి, లేదా మెత్తని గుడ్డ చుట్టండి.

చలిలో దాహం తెలియదు. దాహం వేయకపోయినా గంటకొకసారి నాలుగు గుక్కలు త్రాగండి.

5. మొక్కుబడి, ఒంటి శక్తి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.

ఒక నాయనమ్మ ఉన్నదనుకుందాం. మనుమడు జబ్బు నుండి లేస్తే చెప్పులు లేకుండా గుణదలకు నడిచి వస్తానని మొక్కుకున్నది. మనుమడు లేచాడు. ఆమెకు పదేళ్ళుగా చక్కెర వ్యాధి. అరికాళ్ళకు స్పర్శ తగ్గింది. రాయి గుచ్చుకున్నా, పొక్కు పగిలినా ఆమెకు తెలియదు. ఆ చిన్న పుండు చీము పట్టి కాలికే ముప్పు రావచ్చు. "వద్దు నాయనమ్మా" అంటే, "మాటిచ్చానురా, మాత కోపగిస్తుంది" అంటుంది. ఇంట్లో వారు ఏమి చేయాలి?

శ్రీసభ ఈ సంగతిలో మనలను చీకటిలో విడిచిపెట్టలేదు. మొక్కుబడి అంటే దేవునికి తెలిసి, స్వేచ్ఛగా చేసిన వాగ్దానం. దానిని తేలికగా తీసుకోరాదు. అయితే శ్రీసభ చట్టం 1196వ అధికరణం ప్రకారం, న్యాయమైన కారణం ఉంటే విచారణ గురువులు వ్యక్తిగత మొక్కుబడి నుండి విడుదల ఇవ్వగలరు. 1197వ అధికరణం ప్రకారం, మొక్కుకున్న మనిషే దానిని అంతకు సమానమైన లేక మెరుగైన సత్కార్యంగా మార్చుకోవచ్చు. ఇంకా తేలికైన దానిగా మార్చవలసి వస్తే గురువుల దగ్గరకు వెళ్ళాలి.

కాబట్టి నాయనమ్మతో వాదించవద్దు. ఆమెను గురువుల దగ్గరకు తీసుకొని వెళ్ళండి. ఆమె చెప్పులతో బస్సులో వచ్చి, గుణదలలో దివ్యపూజాబలిలో పాల్గొని, చక్కెర వ్యాధితో బాధపడే ఒక పేదవాని మందులకు సాయం చేస్తే, ఆ మొక్కుబడి చిన్నదైపోదు. ఫిబ్రవరి 11వ తేదీని రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. 1993 నుండి శ్రీసభ దానిని జరుపుకుంటున్నది. ఆ పండుగకు వచ్చి జబ్బు పెంచుకొని పోవడం మాతకు ఇష్టమా?

రక్తపోటు, చక్కెర, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు నెల ముందే డాక్టరుగారికి చూపించుకోవాలి. మాత్రలు ఒక్క పూట కూడా మానరాదు. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందును సంచి అడుగున కాక చేతికి అందేచోట ఉంచుకోవాలి. చక్కెరకు మందులు వాడేవారు ఖాళీ కడుపుతో నడవరాదు. జేబులో బెల్లంముక్క ఉండాలి. దివ్యసత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఒక గంట మాత్రమే. నీరు, మందులు ఆ ఉపవాసాన్ని భంగపరచవు. వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు, వారికి సేవ చేసేవారికి ఆ గంట నియమం కూడా లేదు.

6. బాటలో

రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేటట్లు, ఒకరి వెనుక ఒకరు నడవండి. చీకటిలో, పొగమంచులో నల్లని శాలువ లారీ డ్రైవరుకు కనబడదు. తెల్లని వస్త్రం పైకి కనబడనివ్వండి. గుంపుకు ముందు ఒకరు, చివర ఒకరు టార్చిలైటు పట్టుకోవాలి. మంచు దట్టంగా ఉంటే, తెల్లవారేవరకు ఆగి జపమాల చెప్పుకోండి.

గుంపు వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే కావాలి. కాలిలో మంట మొదలైనప్పుడే ఆగి మెత్తని గుడ్డ కట్టండి. పొక్కు వస్తే చర్మం చింపవద్దు. కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పండి. ఎవరికైనా ఆగని వణుకు, మాట తడబాటు, మగత కనిపిస్తే ఇక నడిపించవద్దు. తడి బట్టలు తీసి, పొడి బట్టలు కప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఛాతీలో నొప్పి వచ్చినా అంతే. 108కి ఫోను చేయండి. మధ్యలో ఆగిపోయినవారిని ఎవరూ చిన్నచూపు చూడరాదు. ఏలీయా ప్రవక్త అలసి చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు (రాజులు మొదటి గ్రంథం, 19వ అధ్యాయం).

ఇంకొక బరువు ఉన్నది. అది సంచిలో కనబడదు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, తోడికోడళ్ళ మధ్య మాటలు లేకపోవడం, ఏళ్ళ తరబడి చేయని పాపసంకీర్తనం. దుప్పటి బరువును త్రాసులో తూచిన మనం, ఈ బరువును బయలుదేరే ముందే దించుకుంటే నడక నిజంగా తేలికవుతుంది.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి:

1. మన ఇంటి నుండి నడవగలిగేవారు ఎవరు? బస్సులో రావలసినవారు ఎవరు? వారిని కొండ దగ్గర ఎక్కడ కలుసుకుంటాము?
2. మన మూటలో "ఎందుకైనా మంచిది" అని పెట్టిన వస్తువులు ఏవి?
3. మన ఇంట్లో ఒంటికి మించిన మొక్కుబడి ఎవరికైనా ఉన్నదా? గురువులతో ఎప్పుడు మాట్లాడదాం?
4. బయలుదేరే ముందు మనం ఎవరితో సమాధానపడాలి?

ఈ వారం చేయవలసిన పని: దుప్పటి, శాలువ ఎండలో వేయండి. సంచి తూచండి. ఆదివారం పూజకు నడిచి వెళ్ళండి.